ఆంకోటైప్ పరీక్ష: ఆపరేషన్ నుంచి స్కోరు దాకా 41 రోజులు, ఆ తర్వాత ఇంకో వారం (నా అనుభవం)

2024 జూలై 3న హైదరాబాదులో నాకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. కీమో కావాలా వద్దా తేల్చుకోవడానికి కణితిలోని జన్యువుల జోరు కొలిచే ఆంకోటైప్ పరీక్ష చేయించుకున్నాను. కీమో అక్కర్లేదన్న మాట ఆగస్టు 20న ఖాయమైంది. ఆ మధ్యలో నడిచిందే ఇక్కడ రాస్తున్నాను. నేను విజయవాడలో ఒక ల్యాబులో 18 ఏళ్లుగా హిస్టోపాథాలజీ టెక్నీషియన్ని, అంటే శరీరంలోంచి తీసిన ముక్కల్ని పరీక్షకి సిద్ధం చేసే మనిషిని. రోజూ ఎవరెవరివో బ్లాకులు (మైనంలో గట్టిపరిచిన ముక్కలు) పలచటి పొరలుగా కోసే మైక్రోటోమ్ యంత్రం మీద పెట్టి కోసే చెయ్యి ఇది. అయినా నా బ్లాకు దగ్గరికి వచ్చేసరికి తెలిసి తప్పించుకున్న పొరపాట్లు కొన్ని, తెలిసి కూడా పడ్డ గుంతలు కొన్ని.

జూన్ 10న మామోగ్రామ్, 13న సూది బయాప్సీ, 18న రిపోర్టు. హార్మోన్ పాజిటివ్ రకం, గ్రేడ్ 2 (దూకుడుకి మూడు మెట్లలో రెండోది), కణాలని పెంచే హెర్ 2 ప్రోటీన్ పరీక్షలో 2+. నా వయసు 46, నెలసరి ఇంకా క్రమంగానే వస్తోంది. వయసు, నెలసరి ఈ రెండూ గుర్తుంచుకోండి. చివర్లో స్కోరుతో సమానంగా ఇవే లెక్కలోకి వచ్చాయి.

ఆ 2+ అన్నది అటూ ఇటూ కాని ఫలితం. ఫిష్ అనే ఇంకో పరీక్ష చేస్తే తప్ప పాజిటివో నెగటివో తేలదు. బయాప్సీ ముక్క మీదే దాన్ని జూన్‌లో చేయించుకోవచ్చు. "ఎలాగూ ఆపరేషన్ ముక్క వస్తుందిగా, దాని మీద చేద్దాం" అన్నారు, నేనూ తలూపాను. మా ల్యాబుకి ఇలాంటి కేసు వస్తే పక్కవాళ్లకి నేనే చెప్పేదాన్ని, ఇప్పుడే చేయించండి అని. ఆ తలూపడం ఖరీదు తర్వాత ఎనిమిది రోజులు.

ఆపరేషన్ బుధవారం పెట్టించుకున్నాను. శనివారం ఖాళీ ఉందన్నారు కానీ ఒప్పుకోలేదు. శనివారం సాయంత్రం తీసిన ముక్క సోమవారం ఉదయం దాకా డబ్బాలోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. ముందురోజు సర్జన్ గారిని ఒక్కటే అడిగాను: ముక్క బయటికి తీసిన టైము, పాడవకుండా ఫార్మాలిన్ ద్రవంలో వేసిన టైము రెండూ డబ్బా మీద రాయించమని. ఆయన నవ్వి "మీరు మమ్మల్ని ఇన్‌స్పెక్షన్ చేస్తున్నారమ్మా" అన్నారు గానీ రాయించారు. 2 గంటల 10 నిమిషాలకి తీశారు, 2 గంటల 35కి ఫార్మాలిన్.

ఎందుకింత పట్టుదల అంటే, ఆంకోటైప్ లెక్కపెట్టేది కణంలోని ఆర్ఎన్ఏని, అంటే జన్యువులు పంపే సందేశాల్ని. రక్తం అందడం ఆగిన క్షణం నుంచీ అది ముక్కలైపోతూ ఉంటుంది. గంటలోపు ఫార్మాలిన్‌లో పడాలి. అదీ 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్, ముక్కకి కనీసం పది రెట్లు. అందులో 6 గంటలకి తగ్గకుండా, 72 గంటలు దాటకుండా నానాలి. రొమ్ము ముక్కలో కొవ్వు ఎక్కువ కాబట్టి ఫార్మాలిన్ తొందరగా లోపలికి దిగదు. అంచులకి సిరా పూసి, వెంటనే పొరలు పొరలుగా కోసి మళ్లీ ముంచకపోతే బయట గట్టిపడి లోపల పచ్చిగానే ఉంటుంది. అలాంటి బ్లాకు నుంచి సెక్షన్ (పలచటి పొర) తీస్తే బ్లేడు కింద పిండిలా రాలుతుంది. కాస్త ముక్కలైన ఆర్ఎన్ఏతోనే పని జరిగేలా ఈ పరీక్షని తయారు చేశారు, నిజమే. కానీ పచ్చిగా పాడైన దాన్ని ఏ ల్యాబూ బాగు చేయలేదు.

జూలై 11న రిపోర్టు. ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, అంటే పాల నాళాల్లో పుట్టి బయటికి చొచ్చుకొచ్చిన క్యాన్సర్. గ్రేడ్ 2, గ్రేడు కట్టే నాటింగ్‌హామ్ లెక్క మొత్తం 6. చంకలోంచి తీసిన మూడు సెంటినెల్ గ్రంథులూ (క్యాన్సర్ పాకితే ముందుగా చేరేవి) శుభ్రం. హార్మోన్లని పట్టుకునే గ్రాహకాలు ఈఆర్ (ఈస్ట్రోజెన్) 90 శాతం, పీఆర్ (ప్రొజెస్టెరాన్) 60 శాతం. కణాల విభజన జోరు చూపే కేఐ 67 అనే గుర్తు 18 శాతం. కణితి సైజు 2.4 సెంటీమీటర్లు. హెర్ 2 మళ్లీ 2+. ఫిష్‌కి 11,500 రూపాయలు కట్టాం, 19న నెగటివ్ అని వచ్చింది. ఆంకోటైప్ హెర్ 2 నెగటివ్ వాళ్లకే కాబట్టి అది తేలేదాకా బ్లాకు కదలడానికి లేదు. ఆ రోజు సైజు దగ్గర నా కళ్లు ఆగలేదు. గ్రంథులు శుభ్రం అన్న లైను చదివి ఏడ్చేసి, మిగతా పేజీ మడిచి పెట్టేశాను.

20న మెడికల్ ఆంకాలజిస్టు దగ్గర కూర్చున్నాం. ఆయన మాట సూటిగా ఉంది. హార్మోన్ మాత్రలు ఎలాగూ తప్పవు. వాటికి ముందు కీమో కలిపితే నిజంగా లాభం ఉంటుందా అన్నదే ప్రశ్న. మూడు దారులు చెప్పారు. అమెరికాకి బ్లాకు పంపే ఆంకోటైప్, 21 జన్యువులు, 0 నుంచి 100 దాకా స్కోరు. నెదర్లాండ్స్‌లో పుట్టిన మామాప్రింట్, 70 జన్యువులు, అంకె కాకుండా లో రిస్క్, హై రిస్క్ అని జవాబు. బెంగళూరులోనే చేసే క్యాన్‌అసిస్ట్, ఇది జన్యువుల్ని కాకుండా ఐదు ప్రోటీన్లని స్లైడు మీద రంగుతో చూసి, సైజు, గ్రేడు, గ్రంథులు కలిపి లెక్క కడుతుంది. ఖర్చు చాలా తక్కువ, అమెరికా ప్రయాణం లేదు.

నా మొగ్గు బెంగళూరు వైపే ఉంది. ఆయన ఆంకోటైప్ అనడానికి కారణం నా వయసు. 2018లో వచ్చిన టేలర్‌ఎక్స్ ట్రయల్‌లో పదివేల మందికి పైగా ఆడవాళ్లని చేర్చారు. 11 నుంచి 25 మధ్య స్కోరు వచ్చిన 6,711 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి కీమో ఇచ్చారు, ఇంకో జట్టుకి ఇవ్వలేదు. మొత్తం మీద తేడా లేదు. కానీ 50 ఏళ్లు, అంతకు లోపు వాళ్లని విడిగా చూస్తే 16, ఆపైన స్కోరుకి కీమో కొంత పనిచేసింది. "మీ వయసు వాళ్లకి ఏ అంకె దగ్గర ఎంత లాభమో విడదీసి చూపించిన లెక్క దీనికుంది. అది మీకు కావాలి" అన్నారు. ఈ మాట నాకు నచ్చింది. ఖరీదైన పరీక్ష కాబట్టి గొప్పది అని ఉంటే లేచి వచ్చేసేదాన్ని.

ఖర్చు మాకు చెప్పింది 2,85,000. ఆపరేషన్ బిల్లు ఇచ్చిన ఇన్సూరెన్సు దీన్ని బయట చేయించుకునే పరీక్ష కింద లెక్కేసి ఇవ్వనంది. నాలుగు సైకిళ్ల కీమో అయితే ఇస్తామంటుంది, కీమో అక్కర్లేదని చెప్పగల పరీక్షకి ఇవ్వదు. మావారు ఉన్న 5 లక్షల చీటీ 62 వేలు వదులుకుని పాడారు. ఆ 62 వేలు కూడా పరీక్ష ఖర్చు కిందే రాసుకోవాలి. అలాంటివి ఏ రసీదులోనూ కనబడవు.

ఆ రాత్రి నిద్ర పట్టక మాగీ సమీకరణం వేసి చూశాను. పిట్స్‌బర్గ్ పాథాలజిస్టులు తయారు చేసిన లెక్క అది. మామూలు రిపోర్టులో ఉండే గ్రేడు, ఈఆర్, పీఆర్, కేఐ 67, హెర్ 2, సైజు పెడితే ఆంకోటైప్ స్కోరు ఎంత రావచ్చో అంచనా చెబుతుంది, పైసా ఖర్చు లేదు. ఈఆర్, పీఆర్‌కి శాతం కాదు, హెచ్ స్కోరు వేయాలి. అంటే ఎంత శాతం కణాలకి రంగు పట్టిందో, ఎంత ముదురుగా పట్టిందో రెండూ కలిపిన లెక్క, 300కి. నావి 270, 180. జవాబు 17.6 వచ్చింది. అంచనా మరీ తక్కువగానో మరీ ఎక్కువగానో వస్తే కొందరు డాక్టర్లు అసలు పరీక్షే వద్దంటారు. నాది తక్కువ వైపే ఉంది, కానీ డాక్టరు చెప్పిన 16 దాటింది. 50 దాటిన మనిషినైతే అక్కడితో ఆగిపోయేదాన్నేమో.

22 సోమవారం డబ్బు కట్టి ఫారాలు నింపాం. డాక్టరు సంతకంతో రిక్వెస్టు ఫారం, పాథాలజీ రిపోర్టు, ఫిష్ రిపోర్టు, అంగీకార పత్రం. బ్లాకు బదులు దాని నుంచి వరుసగా కోసిన, రంగు వేయని స్లైడ్లు పంపినా తీసుకుంటారు. నేను బ్లాకే పంపాను. గాజు మీదికెక్కిన పలచటి సెక్షన్‌కి గాలి తగిలి ఆర్ఎన్ఏ పాడవుతుంది. పైగా స్లైడ్లు చాలకపోతే మళ్లీ పంపాలి. బ్లాకు వాళ్ల దగ్గరుంటే కావలసినంత వాళ్లే కోసుకుంటారు.

ఏ బ్లాకు పంపాలన్నది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా ముక్కని కోసి 12 క్యాసెట్లలో (ఒక్కో బ్లాకుకి ఒక చిన్న ప్లాస్టిక్ పెట్టె) పెట్టారు, ఏ1 నుంచి ఏ12 దాకా. ఈఆర్, పీఆర్ రంగులన్నీ వేసింది ఏ4 మీద కాబట్టి అలవాటు ప్రకారం అదే వెళ్లాలి. పాథాలజిస్టు గారిని బతిమాలి స్లైడ్లు సూక్ష్మదర్శిని కింద చూపించమన్నాను. ఏ4లో ఒక మూలన బయాప్సీ సూది దిగిన గుంట ఉంది. గాయం మానడానికి చేరిన కణాలు కూడా చకచకా విభజన చెందుతుంటాయి, వాటి ఆర్ఎన్ఏ కలిస్తే స్కోరు ఉన్నదానికంటే పెరగొచ్చు. అమెరికా ల్యాబువాళ్లు అలాంటి చోటు కనబడితే గీకి పక్కన పెడతారు. ఆ పని వాళ్ల చేతికి వదలడం ఎందుకని ఏ5 అడిగాను. అందులో నిండుగా కణితి, సూది గుంట లేదు. ఆయన స్లైడు మీద పెన్నుతో చుట్టి ఏ5 అని రాసిచ్చారు.

ఇంకొక సంగతి. ఆపరేషన్‌కి ముందే ఎవరికైనా టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్ర మొదలుపెట్టి ఉంటే, కణాల జోరు అప్పటికే తగ్గి స్కోరు తక్కువగా కనబడొచ్చు. వాళ్లకి ఆపరేషన్ ముక్క కాదు, మందు పడకముందు తీసిన బయాప్సీ బ్లాకు పంపాలి. డేట్ దొరకక ఆపరేషన్ నెల రోజులు వాయిదా పడ్డవాళ్లు ఇది తప్పకుండా డాక్టరుకి గుర్తు చేయండి.

బ్లాకు చేతికి రావడానికి మూడు రోజులు. దరఖాస్తు, ఆధార్ జిరాక్సు, 1,000 రూపాయల రసీదు, మెడికల్ రికార్డ్స్ వాళ్ల ముద్ర. ఆ ముద్ర వేసేవాళ్లు 23న సెలవు. 25 మధ్యాహ్నం కౌంటర్లో అంటించిన కవరు ఇచ్చారు. విప్పి చూశాను. "విప్పకూడదు మేడం" అంటున్నా వినలేదు. లోపల ఉన్నది ఏ9. అది అంచు ముక్క, కొవ్వు తప్ప కణితి లేదు. అలాగే వెళ్లి ఉంటే ల్యాబువాళ్లు ఇందులో కణితి లేదని తిప్పి పంపేవారు, ఇంకో పదిహేను రోజులు పోయేవి. కౌంటర్లో అబ్బాయిని తిట్టలేదు. రాసిచ్చిన 5 నిజంగానే 9లా ఉంది, క్యాసెట్ మీద పెన్సిలు రాతలు మేమూ అలాగే రాస్తాం. మీ కవరు మీరూ విప్పండి. లోపల వేలిగోరంత చోటులో రాసిన అక్షరం, అంకె రాసిచ్చిన కాగితంతో పోల్చండి.

26న కొరియర్ పట్టుకెళ్లింది. అప్పటికి వానలు పడుతున్నాయి కాబట్టి ఐస్ ప్యాక్ పెట్టలేదు. మే నెలలో అయితే పెట్టమనేదాన్ని. మైనం 56 డిగ్రీల దగ్గర కరగడం మొదలుపెడుతుంది, ఎండలో నిలబెట్టిన కారులో డ్యాష్‌బోర్డు మీద ఆ వేడి వస్తుంది.

31న కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ సిటీ ల్యాబుకి చేరినట్టు ట్రాకింగ్‌లో కనబడింది. మర్నాడే మెయిలు: కేసు ఆపి ఉంచాం. రెండు కారణాలు. ఒకటి, గ్రంథుల సంగతి రాసే గడి ఖాళీగా ఉంది. గ్రంథుల్లో క్యాన్సర్ లేనివాళ్లకి ఒక రకం రిపోర్టు, ఒకటి నుంచి మూడు గ్రంథుల్లో ఉన్నవాళ్లకి ఇంకో రకం. ఏది ముద్రించాలో ఆ గడిని బట్టే. రెండోది మన ఇంటిపేరు. ఫారంలో ఆధార్ ప్రకారం పేరు ముందు, ఇంటిపేరు వెనక పెట్టాను. ఆసుపత్రి లేబుల్ మీద ఇంటిపేరు పొట్టి అక్షరమై ముందుకొచ్చింది. పాథాలజీ రిపోర్టులో ఇంటిపేరు అసలే లేదు. ముగ్గురూ ఒకరేనని వాళ్లెలా నమ్ముతారు? డాక్టరు గారి లెటర్‌హెడ్ మీద ఈ మూడు పేర్లూ ఒకే మనిషివి అని రాయించి, గడి నింపి పంపాం. మధ్యలో శని ఆదివారాలు. 5వ తేదీ సోమవారం, వాళ్ల లెక్కలో, కేసు కదిలింది. తెలుగువాళ్లు ఈ ఒక్క పనీ ముందే చేయండి: ఆపరేషన్‌కి అడ్మిట్ అయ్యే రోజే ఆధార్‌లో ఉన్నట్టు అక్షరం పొల్లు పోకుండా పేరు నమోదు చేయించండి.

ఆ వారం ఎలా గడిచిందో చెప్పడం కష్టం. డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాను. చెయ్యి పైకెత్తితే చంక కింద లాగుతుంది, అయినా ఇంట్లో కూర్చుంటే ఇంకా అన్యాయం. మైక్రోటోమ్ చక్రం తిప్పుతుంటే నా బ్లాకు అక్కడ ఎవరి చేతిలో ఉందో అనిపించేది. ముందు అక్కడి పాథాలజిస్టు స్లైడు చూస్తారు. పనికిరాని భాగం గీకేస్తారు. మిగిలిన దాంట్లోంచి ఆర్ఎన్ఏ తీసి ఆర్‌టీ పీసీఆర్ పెడతారు. కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పరీక్ష లాంటిదే, కాకపోతే వైరస్ ఉందా లేదా అని కాదు, ఒక్కో జన్యువు ఎంత గట్టిగా మాట్లాడుతోందని.

21లో 16 క్యాన్సర్‌కి సంబంధించినవి, 5 కొలబద్దలు. ఈ ఐదూ కణం ఏదైనా దాదాపు ఒకేలా పలికే జన్యువులు. బ్లాకు పాతదైనా, ఆర్ఎన్ఏ తక్కువ దొరికినా, మిగతా పదహారునీ వీటితో పోల్చి సరిచేస్తారు. ఆ పదహారులో అన్నిటికంటే బరువు కణ విభజన గుంపుది. కేఐ 67, సర్వైవిన్ లాంటివి ఐదు. వాటి సగటుని 1.04తో హెచ్చవేసి కలుపుతారు. ఈఆర్ గుంపుని 0.34తో హెచ్చవేసి తీసేస్తారు. హెర్ 2 గుంపుకి 0.47, చొచ్చుకుపోయే గుంపుకి 0.10 మాత్రమే. ఈ లెక్క 2004 నాటి పేపర్లోనే అచ్చయింది, రహస్యమేమీ కాదు. అందులో వయసు లేదు, సైజు లేదు, నెలసరి లేదు. అవి డాక్టరు తలలో కలవాల్సినవే.

ఆగస్టు 13 తెల్లవారుజామున రిపోర్టు వచ్చింది. నాకు కాదు, డాక్టరు గారి లాగిన్‌కి. వాళ్ల సోమవారం మధ్యాహ్నం మనకి మంగళవారం. ఆయన ఓపీలో ఉండి ఉదయం 11 దాకా తెరవలేదు. వచ్చిందని కొరియర్ ఏజెన్సీ అబ్బాయి మెసేజ్ పెట్టాక, అంకె తెలియని ఆ మూడు గంటలు మొత్తం 41 రోజుల్లోకీ పొడుగైనవి. ముందే డాక్టరు గారి అసిస్టెంటు నంబరు తీసుకుని ఉంచుకోండి.

స్కోరు 19.

ఫోన్ పెట్టేశాక అమ్మ అడిగింది: "నూటికి పంతొమ్మిదేనా? అంటే ఫెయిలా తల్లీ?" నెల రోజుల తర్వాత ఇంట్లో అందరం గట్టిగా నవ్వింది అప్పుడే. ఇందులో మార్కులు ఎంత తక్కువైతే అంత మంచిదని ఆవిడకి నమ్మకం కలగడానికి సాయంత్రం అయింది.

రిపోర్టులో పెద్ద అక్షరాలతో మూడు అంకెలు. స్కోరు 19. మాత్రలు మాత్రమే వాడితే 9 ఏళ్లలో క్యాన్సర్ వేరే అవయవానికి పాకే అవకాశం 6 శాతం. 50 ఏళ్లలోపు, 16 నుంచి 20 మధ్య స్కోరు వాళ్లకి కీమో వల్ల సగటు లాభం 1.6 శాతం. ఈ మూడోది నా ఒక్కదాని అంకె కాదు, ఆ గుంపు అంతటి సగటు. నాలాంటి వందమందికి కీమో ఇస్తే ఒకరికో ఇద్దరికో పనికొస్తుంది. మిగతా తొంభై ఎనిమిది మంది జుట్టు ఊడటం, వేళ్ల తిమ్మిరి, తెల్లకణాలు పడిపోవడం ఊరికే భరిస్తారు. రెండో పేజీలో ఈఆర్, పీఆర్, హెర్ 2 అంకెలు కూడా విడిగా ఉంటాయి. హెర్ 2 అంకె 10.7 కంటే తక్కువైతే నెగటివ్ అని అందులోనే రాసి ఉంటుంది. నాది 8.9. ఫిష్ చెప్పిందే ఇదీ చెప్పడం నాకో ధైర్యం.

కథ అక్కడ అయిపోతుందనుకున్నాను. 14న డాక్టరు గారు రిపోర్టు పక్కన పాత పాథాలజీ కాగితం పెట్టి "సైజు 2.4 కదా" అన్నారు. 2019లో టేలర్‌ఎక్స్ వాళ్లే ఇంకో లెక్క అచ్చువేశారట, గ్రేడు, సైజు కలిపి రిస్కుని రెండుగా విడదీసి. గ్రేడ్ 1 అయితే 3 సెంటీమీటర్ల దాకా, గ్రేడ్ 2 అయితే 2 దాకా, గ్రేడ్ 3 అయితే 1 దాకా తక్కువ రిస్కు. అది దాటితే ఎక్కువ రిస్కు. 50 లోపు వయసులో, 16 నుంచి 20 మధ్య స్కోరు ఉండి రిస్కు తక్కువైతే కీమోతో లాభం ఏమీ కనబడలేదు. అదే స్కోరుకి రిస్కు ఎక్కువైతే లాభం 6 శాతం దాటింది. ఆ 1.6 అన్నది ఈ రెంటినీ కలిపేసిన సగటు. అంటే 2,85,000 పెట్టి తెచ్చుకున్న అంకెకి అర్థం చెప్పాల్సింది స్కేలు పెట్టి కొలిచిన నాలుగు మిల్లీమీటర్లు.

2.4 అయితే నా ముందు రెండు దారులు. నాలుగు సైకిళ్ల కీమో, లేదా కీమో మానేసి అండాశయాల పని ఆపే గోసెరెలిన్ ఇంజెక్షన్ 28 రోజులకొకటి, దానితో పాటు ఎక్సెమెస్టేన్ అనే హార్మోన్ మాత్ర. చిన్న వయసు వాళ్లకి కీమో చేసే మేలులో కొంత, అది అండాశయాలని ఆపేయడం వల్లే వస్తుందని చాలామంది డాక్టర్ల అనుమానమట. ఈ ఇంజెక్షను ఆ పనే చేస్తుంది.

బయటికొచ్చి కారులో కూర్చున్నాక ఏ5 స్లైడు గుర్తొచ్చింది. ఒక వైపు నిండు కణితి, ఇంకో వైపు నాళాల్లోనే ఉండిపోయిన డీసీఐఎస్. క్యాన్సర్ దశ కట్టే టీఎన్ఎం లెక్కకి కావాల్సింది ఇన్వేసివ్ భాగం సైజు ఒక్కటే, నాళాల్లో ఆగిపోయినది కలపకూడదు. మరి ఆ 2.4 ముక్కని మొదట కోసే గ్రాసింగ్ బల్ల మీద కంటితో చూసి కొలిచిందా, స్లైడు మీద కొలిచిందా? రిపోర్టు తీసి చూస్తే పైన వర్ణనలో ఉన్న 2.4 యథాతథంగా కింద సారాంశంలోకి దిగింది. ఈ పొరపాటు మా ల్యాబులోనూ చూశాను. టైపు చేసేవాళ్లు పై అంకె కిందికి లాగేస్తారు.

15 సెలవు. 16న స్లైడ్లు తీసుకుని బయట ఇంకో సీనియర్ పాథాలజిస్టుకి రివ్యూకి ఇచ్చాం, 4,500 రూపాయలు. బ్లాకు అమెరికాలో ఉంది, కానీ స్లైడ్లు ఇక్కడే ఉండటం మంచిదైంది. కణితి రెండు బ్లాకుల్లో వరుసగా పరుచుకుని ఉంటే ఒక్కో దాంట్లో కొలిచి, బ్లాకుల మందం చూసుకుని లెక్క వేయాలి, ఒక్క స్లైడు చూస్తే సరిపోదు. ఆ నాలుగు రోజులూ ఇంకో పురుగు తొలిచింది: నేను నిజం కోసం వెతుకుతున్నానా, నాకు నచ్చిన అంకె కోసమా? అందుకే మావారికి ముందే చెప్పి ఉంచాను. 2 దాటి ఒక్క మిల్లీమీటరు వచ్చినా మూడో చోటికి వెళ్లను, కీమోకి కూర్చుంటాను.

20న జవాబు. ఇన్వేసివ్ భాగం 1.8, మిగతాది అంచున డీసీఐఎస్. మొదటి ఆసుపత్రి పాథాలజిస్టు గారు కూడా మళ్లీ కొలిచి, ఒప్పుకుని, సవరించిన రిపోర్టు ఇచ్చారు. అలా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు, ఆ పనిలో ఉన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఆ రాత్రి మాగీ లెక్కలో 1.8 వేసి చూశాను. 17.6 కాస్తా 17.1 అయింది. అక్కడ అరపాయింటు మార్చిన అంకె, ఇక్కడ కీమోని మార్చేసింది.

ఆగస్టు 28న విజయవాడలో రేడియేషన్ మొదలైంది. 15 సిట్టింగులు, ఆపైన కణితి ఉన్న చోటికి అదనంగా 4 బూస్ట్. సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు నుంచి సిబ్బంది రాలేక రెండు రోజులు తప్పిపోయాయి, చివర్లో కలిపి ఇచ్చారు. అది అయ్యాక టామాక్సిఫెన్ 20 మిల్లీగ్రాములు, రోజుకొకటి. ఒళ్లు వేడెక్కి తెల్లారుజామున చెమటలతో లేవడం మూడో వారం నుంచి మొదలైంది. దుప్పటి కిందకీ ఫ్యాను కిందకీ మధ్య తిరుగుతుంటాను.

మొత్తం ఖర్చులో ఫిష్, బ్లాకు రుసుము, పరీక్ష, రివ్యూ కలిపి 3,02,000. చీటీలో పోయిన 62 వేలు వేరే. హైదరాబాదుకి ఏడుసార్లు వెళ్లొచ్చిన దారి ఖర్చులు రాసుకోలేదు.

అక్టోబర్ చెకప్‌కి వెళ్లినప్పుడు హిస్టోపాథాలజీ నుంచి ఫోను, మీ బ్లాకు తిరిగొచ్చింది, సంతకం పెట్టాలని. వెళ్లి చేతిలోకి తీసుకున్నాను. వాళ్లు కోసిన తీరు బాగుంది, ముఖం అద్దంలా ఉంది, గీతలు లేవు. కణితి ఇంకా సగం పైనే మిగిలింది. రేపెప్పుడైనా కొత్త పరీక్ష ఏదైనా వస్తే ఇది సరిపోతుంది. కోసిన ముఖానికి గాలి తగలకుండా కాస్త మైనం పూయమని అడిగాను. పూశారు. ఏ4కీ ఏ6కీ మధ్య పెట్టించి రిజిస్టరులో సంతకం చేశాను, ఈసారి ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరుతో.